వాన లేని చుట్ట

ఉప్పలయ్య రోజూ పొద్దున ఎనిమిదింటికల్లా ఉప్పల్‌లో బస్సెక్కి నాచారంలో దిగేవాడు. ఇండస్ట్రియల్ ఎస్టేట్ వెనక సందులో ఉన్న చుట్టల కంపెనీకి నడిచి, గోడకు తగిలించిన గొడుగు తీసుకుని, కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. ముందొక స్టూలు. దాని మీద ఆరు చుట్టలు, అగ్గిపెట్టె, గ్లాసెడు నీళ్లు. ఆ ఆరు చుట్టలూ తాగి, ఆరుసార్లు నోరు విప్పడమే అతని ఉద్యోగం.

కంపెనీ అంటే పెద్దదేమీ కాదు. రెండు గదులు, ఒక రేకుల షెడ్డు. తండ్రి పెట్టిన వ్యాపారాన్ని ఉమాపతి నడుపుతున్నాడు. పద్నాలుగు మంది ఆడవాళ్లు పొగాకు ఇళ్లకు తీసుకుపోయి చుట్టలు చుట్టి తెచ్చేవాళ్లు. లాలాపేట్ నుంచి నలుగురు, మిగతా అందరూ నాచారం బస్తీల వాళ్లు. తాపీ మేస్త్రీలు, ఆటోవాళ్లు, అంగట్లో కూరగాయలమ్మే ముసలమ్మలు కొనుక్కునే చవక చుట్టలవి. చవక చుట్ట తాగేవాడు గొప్ప రుచి అడగడు. నిన్నటి రుచి ఇవ్వాళ కూడా ఉందా అని అడుగుతాడు. ఆ సంగతి ఉమాపతి తండ్రి కనిపెట్టాడు. అందుకే తను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి ఖాళీగా తిరుగుతున్న ఉప్పలయ్యను పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు.

ఉప్పలయ్య ముందు చుట్టను అరచేతిలో పెట్టుకుని బరువు చూసేవాడు. బొటనవేలితో నొక్కుతూ పోయి ఎక్కడ గుల్లగా ఉందో, ఎక్కడ బిర్రుగా ఉందో తెలుసుకునేవాడు. చెవి దగ్గర పెట్టి నలిపితే ఎంత ఎండిందో ఆకే చెప్పేది. తర్వాత ముట్టించేవాడు. నిప్పు చుట్టూతా సమంగా కాలాలి, ఒక పక్కకు పరుగెత్తకూడదు. నుసి వేలి కణుపంత పొడుగు నిలబడాలి. మూడోవంతు కాలాక ఆర్పేసి ఒక మాట అనేవాడు. నిన్నటిలాగే ఉంటే "బరాబర్". లేకపోతే "ఫరక్". ఒక్కొక్కరిదీ నెలకొక చుట్టను చీటీ కట్టి రేకు పెట్టెలో దాచేవాడు. ఏడాది తిరిగాక దాన్ని తీసి కొత్తదాంతో పోల్చేవాడు.

గొడుగెందుకంటే, చుట్ట ముట్టిస్తే పొగతో పాటు దాన్ని చుట్టినప్పటి గాలి కూడా వస్తుంది కదా. వానలో చుట్టింది వాన తెస్తుంది, ఎండలో చుట్టింది ఎండ తెస్తుంది. మంచమంత మేర, చుట్ట కాలినంతసేపు. ఆ ఇంట్లో చేపల కూర వండుతుంటే ఆ వాసన, పక్కింట్లో సున్నం వేస్తుంటే ఆ ఘాటు. ఎండాకాలంలో ఉప్పల్ చౌరస్తాలో పాన్ డబ్బాల ముందు ముసలాళ్లు శ్రావణం కట్టలు అడిగి తీసుకుని, తుంపరలో తడుస్తూ నిలబడేవాళ్లు. చలికాలంలో ఏప్రిల్ కట్టలకు గిరాకీ.

అలా ఉప్పలయ్యకు పద్నాలుగు ఇళ్ల సంగతులూ తెలిసేవి. ఎవరి రేకులు కారుతున్నాయో, ఎవరింట్లో మంచాన పడ్డారో. తెలిసినా ఏమీ అనేవాడు కాదు. భార్య మల్లవ్వ పోయి నాలుగేళ్లయింది. పోయిన మూడోనాడే వచ్చి కుర్చీలో కూర్చుని ఆరుసార్లు బరాబర్ అన్నాడు. ఏడవలేదు. తర్వాతన్నా ఏడుస్తాడేమోనని ఇరుగుపొరుగు కొన్నాళ్లు చూసి, మానేశారు. అతను కూడా చూశాడు. ఏమీ రాలేదు. కాలు మొద్దుబారితే గిల్లినా తెలియనట్టు, లోపలంతా అట్లా ఉండేది. పరీక్ష చేసేవాడికి అదే మంచిదని ఉమాపతి అనేవాడు.

పద్నాలుగు మందిలో ఎక్కువసార్లు ఫరక్ అనిపించుకునేది తారామణి. లాలాపేట్‌లో ఒక గది. ముప్పై ఏళ్లుంటాయి. భర్త రెండేళ్ల కింద జ్వరమొచ్చి పోయాడు, ఎనిమిదేళ్ల కూతురు ఆశ ఉంది. ఆమె చుట్ట ఒక చోట బిర్రుగా ఉంటే ఒక చోట గుల్లగా ఉండేది.

"ఫరక్," అనేవాడు ఉప్పలయ్య.

"నేనేం జెయ్యాలె మామా? చుట్టేటప్పుడు పిల్ల కొంగు గుంజుతది. లెక్కలు జెప్పుమంటది," అని ఆమె గొడవకొచ్చేది. "చుట్టకు తెలుస్తదా, గిది తారామణి చేసింది గిది ఇంకొకరు చేసిందని?"

"చుట్టకు తెల్వది. తాగెటోనికి తెలుస్తది."

"గట్లయితే నువ్వే వచ్చి పిల్లను వట్టుకో, నేను బరాబర్ చుట్టి ఇస్త," అని నవ్వి, చెంగు దులుపుకుని పోయేది.

రెండువేల ఏడులో, జూన్ నెల దాటాక, తారామణి చుట్టలు బాగుపడ్డాయి. మొదట ఉప్పలయ్య నమ్మలేదు. బరువు సమానం. పొడుగు సమానం. ఎక్కడ నొక్కినా ఒకటే మెత్తన. నిప్పు గీత గీసినట్టు కాలింది. నుసి రెండు కణుపుల దాకా నిలబడింది. మర్నాడూ అంతే, వారం తర్వాతా అంతే. పదిహేనేళ్లలో అతను అటువంటి చుట్ట చూడలేదు.

"బరాబర్," అన్నాడు. నెల రోజులు వరసగా అదే మాట.

ఇంకొక సంగతి కూడా గమనించాడు. ఆ చుట్ట ముట్టిస్తే ఏమీ రాదు. వాన రాదు, ఎండ రాదు, ఏ వంటింటి వాసనా రాదు. కిటికీలోంచి వచ్చే గాలి కూడా ఆగిపోయినట్టుండేది. ఉత్త పొగాకు, ఉత్త పొగ.

ఉప్పలయ్యకు అది నచ్చింది. మిగతా చుట్టలు తాగేటప్పుడు ఎవరిదో ఇల్లు మీద పడేది. ఇది తాగితే ఎవరూ ఉండరు. సాయంత్రాలు ఆమె చుట్టలు రెండు జేబులో వేసుకుపోయి, తన గది గుమ్మంలో కూర్చుని తాగడం మొదలుపెట్టాడు. ఆ పొగలో తన గది తన గదిలాగే ఉండేది. ఏ ఫికరూ లేకుండా.

ఆగస్టులో ఒక హోల్‌సేల్ సేటు ఉమాపతి దగ్గరికి వచ్చాడు. పెద్ద షాపులకు సరుకు వేసేవాడు. ఒక కట్టలో ఎండ, ఒక కట్టలో వాన అంటే పెద్ద షాపుల్లో నడవదని, ఏ కట్ట విప్పినా ఒకటే ఉండాలని అతని మాట. ఉమాపతి తారామణి చుట్ట ఒకటి ఇచ్చాడు. సేటు సోఫాలో కూర్చుని మొత్తం తాగి, పొడి చొక్కాతో లేచాడు.

"గిట్లాంటివి ఎన్ని జేసినా తీస్కుంట," అన్నాడు.

ఆ సాయంత్రం ఉమాపతి ఆడవాళ్లందరినీ షెడ్డులో కూర్చోబెట్టి చెప్పాడు. దసరా దాటినంక ఇళ్లకు ఆకు ఇవ్వడు. అందరూ షెడ్డులోనే తారామణి చుట్టినట్టు చుట్టాలి. తారామణే నేర్పిస్తుంది. ఎవరికి చాతనవుతుందో ఎవరికి కాదో ఉప్పలయ్య తాగి చెప్తాడు. చాతకానివాళ్లు ఇంకోచోట పని చూసుకోవాలి. ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. తారామణి మాత్రం సంతోషపడలేదు, భయపడలేదు. సరే అని తల ఊపి, ఆకు మూట నెత్తిన పెట్టుకుని పోయింది. మనిషి సగమైందని ఉప్పలయ్యకు అప్పుడే కనిపించింది.

మర్నాడు అతను రేకు పెట్టె తెరిచి చీటీలు వెతికాడు. ఫిబ్రవరి నెల, తారామణి. చుట్ట వంకరగా ఉంది. ముట్టించాడు. రెండో దమ్ముకే సబ్బు వాసన వచ్చింది, ఉడకబెట్టిన పల్లీల వాసన వచ్చింది. మోకాలి మీద చిన్న చెయ్యి ఆనించినట్టు వెచ్చగా తగిలింది. దాన్ని పక్కన పెట్టి నిన్నటిది ముట్టించాడు. ఏమీ లేదు. మళ్లీ పాతది. మళ్లీ కొత్తది. రోజూ మూడోవంతు దాటనివాడు ఆవేళ రెండూ వేలు కాలేదాకా తాగాడు.

అనంతలక్ష్మి ఆకు తీసుకోవడానికి వస్తే ఆపాడు. ఆమెది తారామణి పక్కిల్లే. అందరికన్నా పెద్దది, చేతివేళ్లు వంకర్లు పోయాయి. దసరా తర్వాత ఉద్యోగం పోయే మొదటి మనిషి తనేనని ఆమెకు తెలుసు.

"తారామణి బిడ్డ ఏది?"

"నీకు తెల్వదా అన్నా? బడి షురువయ్యేటప్పుడు ఆమె అత్త వచ్చి తీస్కపోయింది. సత్తమ్మ అని, నారపల్లిల ఉంటది. చేను ప్లాట్లకిచ్చిన్రు, పెద్ద ఇల్లు కట్టిన్రు. ఒక్కడే కొడుకుండె. ఆడు పాయె. నా కొడుకు గుర్తు, నేను సాదుకుంట అన్నది. మంచి బడి అన్నది."

"తారామణి ఏమన్నది?"

"ఏమంటది? పిల్లకన్నా మంచిగుంటదని పంపింది. తర్వాత రెండుసార్లు పోయింది. పిల్ల చదువుకుంటుంది, నిన్ను సూస్తె మళ్ల బెంగవెట్టుకుంటదని గేటు కాడినుంచే తోలింది ముసల్ది. గప్పటిసంది గిట్లనే. ఏడ్వది, తినది. పొద్దున కూసుంటె చీకటి వడేదాక చుట్టలు చుడుతనే ఉంటది. పిలిస్తె పలుకది."

ఉప్పలయ్య తల ఊపాడు. అనంతలక్ష్మి అతనేమన్నా అంటాడేమోనని నిలబడింది. అతను తర్వాతి చుట్ట ముట్టించాడు. నెల రోజులదాకా ఏమీ చేయలేదు. సాయంత్రాలు రెండు చుట్టలు తీసుకుపోవడం మాత్రం మానేశాడు. అవి తాగుతుంటే నిజంగానే ఎవరూ లేరన్న సంగతి తెలుస్తోంది.

ఆ సెప్టెంబరులో వానలు విడవకుండా కురిశాయి. నాచారం రోడ్లు చెరువులయ్యాయి. లాలాపేట్‌లో మోకాళ్లదాకా నీళ్లు నిలిచాయి.

నెలాఖరు శనివారం సేటు మళ్లీ వచ్చాడు. మాట ఖాయం చేసుకునే ముందు అందరి ముందూ ఒకసారి పరీక్ష పెట్టమన్నాడు. ఉమాపతి ఉప్పలయ్యను పిలిచి తారామణి చుట్ట చేతిలో పెట్టాడు. మూడు రోజుల కింద చుట్టింది. ఆడవాళ్లు గోడ వెంట నిలబడ్డారు. తారామణి గడప దగ్గర ఉంది.

ఉప్పలయ్య బరువు చూశాడు, నొక్కి చూశాడు. ముట్టించాడు. గదిలో అందరూ పొడిగా నిలబడి ఉన్నారు. మూడోవంతు దాటింది. సగం దాటింది. సేటు గడియారం చూసుకున్నాడు.

"ఫరక్," అన్నాడు ఉప్పలయ్య.

ఉమాపతి సరిగా వినలేదనుకున్నాడు. "ఏందీ?"

"ఫరక్ సారూ. గిది నడువది."

అప్పటిదాకా మనసెక్కడో ఉన్న తారామణి తల ఎత్తింది. "ఏడుంది మామా ఫరక్? తూకంల ఉందా? చుట్టుట్ల ఉందా? సూపెట్టు."

"తూకం మంచిగుంది. చుట్టుడు మంచిగుంది. ఎన్నడు చుట్టినవ్?"

"బుధవారం."

"బుధవారం లాలాపేట్‌ల దినమంత వాన. నీ గడపదాకా నీళ్లొచ్చినయని అనంతలక్ష్మి చెప్పింది. గీ చుట్టల ఒక్క సుక్క లేదు."

తారామణి అతని వంక చూసింది, తర్వాత అనంతలక్ష్మి వంక చూసింది.

"వానొచ్చిందా?" అని అడిగింది.

అనంతలక్ష్మి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సేటు లేచి, మీరు మీరు తేల్చుకుని కబురు చేయండని చెప్పి వెళ్లిపోయాడు. ఉమాపతి ఉప్పలయ్యను తిట్టాడు, కాళ్ల కింద నేల తవ్వినవన్నాడు. తిట్లన్నీ అయ్యేదాకా నిలబడి విని, ఉప్పలయ్య తారామణి దగ్గరికి నడిచాడు.

"రేపు ఐతారం. నారపల్లి పోదాం."

"నన్ను రానియ్యరు మామా."

"రానియ్యకుంటె గేటు కాడ కూసుందాం. నాకేం పని ఉన్నది?"

మర్నాడు ఉప్పల్‌లో వరంగల్ దిక్కు పోయే బస్సెక్కారు. కిటికీ అవతల చేలు, చేలల్లో తెల్ల రాళ్లు, రాళ్ల మీద ఎర్ర అంకెలు. నారపల్లిలో దిగి అడిగితే ఇల్లు చూపించారు. రెండంతస్తుల కొత్త ఇల్లు. చుట్టూ ఖాళీ ప్లాట్లు. గేటు తీసే ఉంది.

సత్తమ్మ వసారాలో పీట మీద కూర్చుని తన చుట్ట తనే చుట్టుకుంటోంది. అరవై దాటిన మనిషి, మెడలో ఏమీ లేదు. కోడలిని చూసి చెయ్యి ఆగింది.

"దసరాకు రమ్మన్న గదనే. గింతల ఏమాగమొచ్చింది?"

"సూసి పోతా అత్తా. ఒక్కసారి."

"పండుకుంది. లేపొద్దు. మంచిగ తింటుంది, మంచిగ సదువుతుంది." తర్వాత ఉప్పలయ్య వైపు తిరిగింది. "నువ్వెవరన్నా?"

"చుట్టల కంపెనీల పనిజేస్త. ఉప్పల్."

వచ్చినవాడు పెద్దమనిషి. నిలబెట్టి పంపడం సత్తమ్మకు బాగనిపించలేదేమో. చాప జరిపి కూర్చోమంది. పక్కనున్న డబ్బాలోంచి చుట్ట తీసి ఇచ్చింది. తారామణి మెట్టు మీదే కూర్చుని, మూసి ఉన్న గది తలుపు వైపు చూస్తోంది. లేచి వెళ్లి తీయాలన్న ఆలోచన కూడా ఆమె మొహంలో లేదు.

ఉప్పలయ్య అలవాటు కొద్దీ బరువు చూశాడు. నొక్కి చూశాడు. పాతకాలపు చెయ్యి, మంచి ఆకు. ముట్టించాడు. మొదటి దమ్ము కమ్మగా ఉంది. రెండో దమ్ముకు మొహం మీద వేడి కొట్టింది. ఎండ వేడి కాదు. తడిగుడ్డ వాసన, మందుగోలీల చేదు, మిరియాల కషాయం. చెవి పక్కన చిన్న ప్రాణి రొప్పుతూ వదిలే ఆవిరి. అతను చుట్ట నోట్లోంచి తీశాడు.

"గిది ఎన్నడు చుట్టినవ్ అక్కా?"

"మొన్న. ఏం, మంచిగ లేదా?"

"యాడ కూసోని చుట్టినవ్?"

సత్తమ్మ చూపు మూసి ఉన్న తలుపు వైపు పోయింది.

"పిల్లకు జొరమెన్ని దినాలసంది?"

తారామణి మెట్టు మీద నుంచి లేచింది. అత్తను దాటుకుని, చెప్పులతోనే పోయి తలుపు తోసింది. లోపల మంచం మీద ఆశ ఉంది. కళ్లు సగం మూతలు పడ్డాయి, పెదాలు పగిలి ఉన్నాయి. నుదుటి మీద గుడ్డ ఎండిపోయింది. తారామణి ఆ నుదురు ముట్టుకుని, మూడు నెలలుగా ఎవరూ వినని గొంతుతో ఒక్క అరుపు అరిచింది. అవతలి ప్లాట్లలో రాళ్లు పాతుతున్నవాళ్లు పని ఆపి చూశారు.

"పది దినాలాయె," అంది సత్తమ్మ. పీట మీద నుంచి లేవలేదు. "మెడికల్ షాపుల గోలీలు తెచ్చి ఏస్తున్న. తగ్గుతది, మళ్ల వస్తది."

"దవాఖానకు తీస్కపోలేదా?"

"నా కొడుకును గిట్లనే జొరమని దవాఖానకు తీస్కపోతిమి. నా చెయ్యి వట్టుకోని నడుసుకుంట పోయిండు. తిరిగి నడిసి రాలే." ఆమె చేతిలో ఆకు నలిగిపోతోంది. "నేను గీ పిల్లను తోలుతనా అన్నా? నువ్వే చెప్పు. తోలుతనా?"

తన భార్యను కూడా ఉప్పలయ్య అలాగే నడిపించుకుని తీసుకుపోయాడు. గదిలోకి పోయి పిల్లను దుప్పటితో సహా ఎత్తి భుజాన వేసుకున్నాడు. బరువు లేదు. వేడి మాత్రం చొక్కా దాటి, చర్మం దాటి లోపలికి దిగుతోంది. రోడ్డు దాకా నడిచినంతసేపూ అది దిగుతూనే ఉంది. చాలా ఏళ్ల తర్వాత అతనికి మండుతోందని తెలిసింది.

షేర్ ఆటో ఆగింది. తారామణి ఎక్కింది, పిల్లను ఒళ్లోకి తీసుకుంది. ఉప్పలయ్య ముందర డ్రైవర్ పక్కన సర్దుకున్నాడు. ఆటో కదులుతుంటే సత్తమ్మ రోడ్డు మీద పరుగెత్తుకొచ్చింది. కాళ్లకు చెప్పులు లేవు. ఇంటికి తాళం వేసిందో లేదో.

"దవాఖాన దాకనే వస్త," అంది ఎక్కుతూ. "డాక్టర్ సూసుడు కాంగనే వచ్చేస్త."

ఉప్పల్‌లో ఒక చిన్న దవాఖానలో చూపించారు. డాక్టరమ్మ కడుపు నొక్కి చూసింది, రక్తం తీయించింది. టైఫాయిడ్ అంది. ఇంకో రెండు మూడు రోజులు అట్లాగే ఉంచితే పేగుకు చిల్లు పడేదని, అప్పుడు తన చేతిలో ఏమీ ఉండేది కాదని తారామణితో చెప్పింది. ఆ మాట గోడ పక్కన నిలబడ్డ సత్తమ్మ కూడా విన్నది. విని, అక్కడే నేల మీద కూలబడింది. కాసేపటికి తారామణి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

తొమ్మిది రోజులున్నారు. సత్తమ్మ వచ్చేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు. ఎవరూ అడగనూ లేదు. ఆ తర్వాత లాలాపేట్ గదిలోనే ఉండిపోయింది. పెద్దింటికి ఆ దసరా దాటాక కిరాయివాళ్లు వచ్చారు. సేటుతో బేరం పోయింది. ఉమాపతి పది రోజులు మొహం మాడ్చుకుని తిరిగి, చివరికి ఎప్పటిలాగే ఇళ్లకు ఆకు ఇచ్చాడు. అనంతలక్ష్మి వంకర వేళ్లతో ఇంకా నాలుగేళ్లు చుట్టింది.

కానీ అదంతా తర్వాతి మాట. తొమ్మిదో రోజు పొద్దున ఉప్పలయ్య నాచారం పోకుండా దవాఖానకు వెళ్లేసరికి, లోపల్నుంచి కేకలు వినిపిస్తున్నాయి. ఇంటికి పంపే ముందు పిల్లకు ఏం పెట్టాలన్న దాని మీద అత్తాకోడళ్లు తగువు పడ్డారు. ఇడ్లీ పెడతానని తారామణి. జొరం తిన్న పేగు, గంజే పొయ్యాలని సత్తమ్మ.

"నీకేం తెలుసే సదువుకోనిదానివి!"

"నీకు తెలిసిందేందో సూడలేదా అత్తా? పది దినాలు గోలీలేసి పండవెడితివి గద!"

"నోరు మంచిగ రానియ్!"

నర్సు గుమ్మం దాకా వచ్చి, ఉప్పలయ్యను చూసి, "పెద్దాయనా, జర మీవాళ్లకు చెప్పు," అంది. సర్దిచెబుదామని అతను తలుపు మీద చెయ్యి వేశాడు. లోపల తారామణి గొంతు ఇంకొంచెం పైకి లేచింది, మధ్యలో వణికి ఏడుపైంది, ఏడుస్తూనే మళ్లీ తగువులోకి వచ్చింది. పిల్ల ఇద్దరి మీదా విసుక్కుంటోంది.

ఉప్పలయ్య చెయ్యి తీసేశాడు. వరండాలో బెంచీ మీద కూర్చుని, ఇంకాసేపు కొట్లాడుకోనీ అనుకున్నాడు.